ముసురు పట్టకముందే మీ లైనక్స్‌ని సర్దుకోండి

పాడేరు వైపు కొండల్లో ఉంటూ విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌తో కాలక్షేపం చేసే నాలాంటివాడికి ఏడాదిలో తీరిక లేని నెల మే. జూన్‌లో ముసురు పట్టిందంటే సిగ్నల్ ఎప్పుడొస్తుందో, కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. పెద్ద అప్‌గ్రేడ్ ఏదైనా ఉంటే మేలోనే ముగించండి. ఆ తర్వాత కొత్త వెర్షన్ ఎంత ఊరించినా సంక్రాంతి దాకా ముట్టుకోవద్దు. వానలు సెప్టెంబరుతో అయిపోతాయనుకోకండి, ఆ వెనకే తుపాన్లు. 2014లో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది అక్టోబరు 12న.

ఒక ఏడు నేను ఆగలేకపోయాను. డెబియన్ అనే లైనక్స్ రకాన్ని కొత్త వెర్షన్‌కి మారుస్తుండగా సగంలో కరెంటు పోయి డెస్క్‌టాప్ టప్పున ఆరిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే నల్ల తెర, మినుకుమనే కర్సరు. అదృష్టం కొద్దీ టెక్స్ట్ లాగిన్ దొరికింది. సగం బిగిసిన ప్యాకేజీలన్నిటినీ (సాఫ్ట్‌వేర్ మూటల్ని) వాటిని బిగించే పనిముట్టు డీపీకేజీ చేత కాన్ఫిగర్ చేయిస్తే గాడిన పడింది. అది కూడా ప్యాకేజీలన్నీ ముందే దిగి డిస్కులో ఉన్నాయి కాబట్టి. అప్పటి నుంచి ముందు డౌన్‌లోడ్ మాత్రమే చేయిస్తాను, ఇన్‌స్టాల్ మాత్రం బ్యాటరీ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ మీద, పగటిపూట.

లైనక్స్‌లో డిస్కు మీద ఫైళ్లని సర్దే ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్‌కి జర్నల్ (చేసే మార్పుల్ని రాసుకునే చిట్టా) ఉంది కదా, కరెంటు పోతే ఏమవుతుంది అని ధీమాగా ఉండేవాళ్లు ఉన్నారు. జర్నల్ మామూలుగా కాపాడేది ఫైల్‌సిస్టమ్ లెక్కల్నే. మీరు రాస్తున్న ఫైలు లోపలి సరుకుకి దాని పూచీ లేదు. పెన్‌డ్రైవ్ కాపీ అయితే మరీ మోసం. బార్ నూరు శాతం చూపించినా చివరి భాగం ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. అన్‌మౌంట్ చేసి, పని పూర్తయిందన్న మాట తెర మీద కనిపించాకే పీకండి.

సెక్యూరిటీ అప్‌డేట్లు ఆపకూడదు మరి. ఇంట్లో నెట్ లేకపోతే ఆప్ట్-ఆఫ్‌లైన్ అనే పనిముట్టు ఉంది. ఏయే ప్యాకేజీలు కావాలో మీ మెషీన్ ఒక చిన్న ఫైలులో రాసిస్తుంది. సంత రోజు టౌనుకి దిగినప్పుడు నెట్ ఉన్న మరో మెషీన్ మీద వాటిని దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవచ్చు. సరుకుల చీటీ లాంటిదే.

లైనక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మారినప్పుడు పాతదాన్ని తీసేయకండి. వైఫై డ్రైవర్‌ని విడిగా కట్టుకున్నవాళ్లకి కొత్త కెర్నెల్ హెడర్లు (డ్రైవర్‌ని మళ్లీ కట్టడానికి కావాల్సిన ఫైళ్లు) లేకపోతే వైఫై రాదు, వైఫై లేక హెడర్లు దిగవు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలోంచి పాత కెర్నెల్‌తో బూట్ అవ్వడమే దారి. ఒక లైవ్ పెన్‌డ్రైవ్ (డిస్కుతో పని లేకుండా దాని మీంచే లైనక్స్ నడిచేది) కూడా తయారుగా ఉంచండి. దాన్ని ఇప్పుడే ఒకసారి బూట్ చేసి చూడండి.

బ్యాకప్‌లు రెండుండాలి, ఒకటి వేరే ఊళ్లో. నాది విశాఖలో చుట్టాలింట్లో ఉంది. డిస్కుని లైనక్స్‌లోని లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లు (పాస్‌వర్డ్ లేకుండా తెరవలేనట్టు తాళం వేసుకున్నవాళ్లు) దాని హెడర్‌ని, అంటే ఆ తాళం వివరాలుండే భాగాన్ని కూడా విడిగా దాచుకోవాలి. హెడర్ పాడైతే పాస్‌వర్డ్ గుర్తున్నా లాభం లేదు.

ఇక పిడుగు. యూపీఎస్ ఉంది కదా అనుకోకండి, పిడుగుని అది ఆపలేదు. ఉరుము వినిపించకముందే ప్లగ్గులతో పాటు లాన్ కేబుల్ కూడా పీకేయాలి. ఉరుములు మొదలయ్యాక తీగల జోలికి పోకండి, చివరి ఉరుము విన్నాక అరగంట ఆగండి. పుణెలోని వాతావరణ సంస్థ వాళ్ల దామిని యాప్ ఫోన్‌లో ఉంటే కాస్త ముందే తెలుస్తుంది. కరెంటు తిరిగొచ్చినా వెంటనే ఎగబడొద్దు. ఓల్టేజి కుదుటపడేదాకా పది నిమిషాలు ఓపిక పట్టండి.

ప్రయాణం ఉంటే ల్యాప్‌టాప్‌ని సస్పెండ్‌లో (నిద్రలో) కాకుండా పూర్తిగా ఆపి, రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి బ్యాగులో పెట్టండి. సస్పెండ్‌లో ఉన్నది బ్యాగులోనే మేలుకుని కాలిపోతూ కనిపించిన సందర్భాలు నాకు రెండున్నాయి. మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కాలంటే పగలే ఎక్కండి. గెడ్డ (వాగు) రోడ్డు మీదికి పొంగితే ఇవతలే ఆగిపోండి. నీళ్లు మోకాలి లోతే కనిపించినా బండిని లాగేస్తాయి.

బ్యాగు జేబులో ఫోన్ కేబుల్ ఒకటి మర్చిపోవద్దు. వైఫై డ్రైవర్ పోయిన రోజు యూఎస్‌బీ టెథరింగే, అంటే ఫోన్ నెట్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి ఇవ్వడమే గతి, దానికి విడిగా డ్రైవర్ వెతకాల్సిన పని సాధారణంగా ఉండదు. కేబుల్ కొనేటప్పుడు మాత్రం డేటా వెళ్తుందో లేదో అడిగి తీసుకోండి. ఛార్జింగ్‌కి తప్ప పనికిరానివి నా దగ్గర మూడు పోగయ్యాయి.