మరాకేష్‌లో విందు, గుర్రపు స్వారీ ప్రదర్శన: బయలుదేరే ముందు జాగ్రత్తలు

మొరాకో దేశంలోని మరాకేష్ నగర శివార్లలో రాత్రి విందుతో పాటు చూపే తబూరీదా ప్రదర్శనలో రౌతులు ఒకే వరుసలో గుర్రాలను దౌడు తీయించి, చివరన మందు కూరిన తుపాకులను అందరూ ఒక్కసారిగా పేలుస్తారు. 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ విద్యను తప్పక చూడాలి. అయితే ఆ మోతకు గుండెలదురుతాయి కనుక పసిపిల్లల చెవులు కప్పే ఏర్పాటు చేసుకోండి, వారిని హద్దు దాటనివ్వకండి, ఉబ్బసం ఉన్నవారిని పొగ వచ్చే వైపు కూర్చోబెట్టకండి.

శాకాహారులు ముందురోజే నిర్వాహకులకు చెప్పాలి. గోధుమ రవ్వతో చేసే కుస్‌కుస్ పైన కూరగాయలే కనిపించినా, దానిని తరచూ మాంసం ఉడుకుతున్న పులుసు ఆవిరి మీదనే వండుతారు. హరీరా సూప్‌లోనూ మాంసం ఉండవచ్చు. బాదం పడనివారు, బాదం కూరి పొరలుగా చేసే పాస్టియా అనే వంటకాన్ని ముట్టకూడదు. కూర వండి వడ్డించే తజీన్ అనే మట్టిపాత్ర సెగలు కక్కుతూ వస్తుంది, మూతను ఒట్టి చేత్తో పట్టుకోకండి.

శీతాకాలమైతే శాలువా అవసరం. తిరుగు టాక్సీ కిరాయిని ఎక్కకముందే అక్కడి కరెన్సీ అయిన దిర్హమ్‌లలో మాట్లాడుకోండి.