తడ కోనలో వాగు వెంట నడక: చెన్నై నుంచి వెళ్లేవాళ్ల కోసం

చెన్నైలో ఉన్న మనవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే కొండవాగు ఉబ్బలమడుగు. చెన్నైలో తడ ఫాల్స్ అంటేనే అందరికీ తెలుస్తుంది. 16వ జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళ్లి, తడ దగ్గర ఎడమకు తిరిగి శ్రీకాళహస్తి రోడ్డు పట్టుకుంటే వరదయ్యపాళెం వస్తుంది, ఉబ్బలమడుగు ఆ మండలంలోనే. బండి లేనివాళ్లు సెంట్రల్ దగ్గర సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికీ అదే ఆటోను మాట్లాడుకుని వేళ చెప్పి పంపండి.

ఇది తిరుపతి జిల్లాలోని అడవి. చెక్‌పోస్టు దగ్గర టికెట్ తీసుకుని, ఆ రోజు ఎక్కడిదాకా వదులుతున్నారో అడగండి. మూసి ఉంటే వెనక్కి రావాల్సిందే. అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి దూరడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరం.

ఈ కొండలకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండం హెచ్చరిక ఉన్న వారం ఆ వైపు వెళ్లకండి. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం: వాగులో నీళ్లుంటాయి, ఉరవడి తగ్గుతుంది. మార్చికల్లా గడ్డి ఎండిపోతుంది. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నది కార్చిచ్చులోనే. మంట ఎగువకు వేగంగా పాకుతుంది, కాబట్టి పొగ కనిపిస్తే గడ్డి వాలు ఎక్కకుండా తడి ఉన్న వాగులోకి దిగాలి.

బయల్దేరేముందు పశువులు కాసేవాళ్లతో మాట్లాడండి. తడ దాటాక ఊళ్లలో మన భాషే కాబట్టి అది మనకు పెద్ద వరం. “అన్నా, రాత్రి కొండమీద వాన పడిందా? వాగు పారతా ఉందా, తగ్గిందా?” అని అడిగితే చాలు. ఫోన్లో చూసే వాతావరణం కంటే ఆ జవాబుకే ఎక్కువ విలువ ఇవ్వండి. వాన పడేది పైకొండ మీద, మనం నడిచేది కింద ఎండలో. వెల్లువలో చిక్కుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

వేళ విషయంలో లెక్క తప్పేవాళ్లు చాలామంది. రోడ్డు మీద గంటకు 5 కిలోమీటర్లు నడిచే మనిషి వాగు రాళ్ల మీద ఒకటి, ఒకటిన్నర నడిస్తే గొప్ప. ఉదయం 7కి మొదలుపెడితే, జలపాతం కనబడినా కనబడకపోయినా మధ్యాహ్నం 12:30కి వెనుదిరగాలి. జనవరిలో 6 గంటలకే పొద్దు వాలిపోతుంది, కోనలో అంతకు ముందే నీడ కమ్ముతుంది. మనిషికో తలకు కట్టుకునే లైటు ఉండాలి. ఫోన్ టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పోతుంది, బండలు దిగడానికి రెండు చేతులూ కావాలి.

నల్లగా, తడిగా మెరిసే బండ పాకుడు పట్టిన బండ. నీటిమట్టం పెరిగి తగ్గే అంచునే ఇది ఎక్కువ. దాని మీద అడుగు వేయడం కంటే, పక్కన చీలమండ లోతు నీళ్లలో గులక మీద నడవడం మేలు. బూట్లు విప్పి దాటకండి. కాళ్లకు చెప్పుల్లేకపోతే రాయి గుచ్చుకోగానే ఒళ్లు తూలుతుంది. పట్టున్న రబ్బరు అడుగు ఉండి, నీళ్లు త్వరగా కారిపోయే కాన్వాస్ బూట్లు చాలు. అదనంగా రెండు జతల సాక్సులు పెట్టుకోండి, తడి సాక్సులతో బొబ్బలు లేస్తాయి.

వాగు దాటేటప్పుడు ఇరుకు చోటు దగ్గరని ఆశపడకండి, అక్కడే లోతూ వడీ ఎక్కువ. వెడల్పుగా, పల్చగా పారే చోటు వెతకండి. బ్యాగు నడుం పట్టీ విప్పేసి, ముఖం ఎగువకు పెట్టి, కర్రను ఎగువ వైపు ఆనించి, ఒక్కో అడుగూ జరపండి. వడిగల నీళ్లు మోకాలు దాటితే దాటొద్దు. జలపాతం అంచుకు పైన అసలే వద్దు. పడిపోతే ప్రవాహంలో లేచి నిలబడే ప్రయత్నం చేయకండి, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుని నీళ్లు మనిషిని ముంచేస్తాయి. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకు పెట్టి, లోతు తగ్గేదాకా ఆగి ఒడ్డుకు జరగాలి.

భోజనానికి కూర్చునే ముందు నీటి అంచున ఒక రాయి పెట్టండి. రాయి మునిగితే డబ్బాలు మూసి లేవండి. తేట నీళ్లు మట్టి రంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకు రావడం, హోరు పెరగడం, వీటిలో ఏది కనిపించినా దిగువకు పరుగెత్తకండి. పక్క గట్టు మీదికి, ఎంత ఎత్తుకు వీలైతే అంత ఎత్తుకు ఎక్కి, నీళ్లు తగ్గేదాకా అక్కడే ఉండండి. వాగుకు అవతల చిక్కుకుంటే ఆకలితో అయినా ఆగడమే క్షేమం.

మడుగుల్లో దూకొద్దు. తేటనీళ్లలో లోతు తక్కువగా కనబడుతుంది, అడుగున బండలుంటాయి. ఈత రానివాళ్లు నడుం లోతు దాటకూడదు. 15 మీటర్ల తాడుకు మూత బిగించిన ఖాళీ రెండు లీటర్ల సీసా కట్టి ఒడ్డున ఉంచండి. మునిగేవాళ్ల కోసం ఎవరూ నీళ్లలోకి దూకకుండా దాన్నే విసరాలి.

మనిషికి 3 లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకెళ్లండి. వాగు నీళ్లే దిక్కయితే ముందు గుడ్డతో వడకట్టి, క్లోరిన్ మాత్ర వేసి 30 నిమిషాలు ఆగండి. మట్టి నీళ్లలో మందు సరిగా పనిచేయదు.

తేనెపట్టు ఉన్న బండల కింద అత్తరు వాసన, పొగ, అరుపులు ఉండకూడదు. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం మాని, కరిచిన కాలు కదలకుండా చూసి, సిగ్నల్ దొరికిన చోట 108కి ఫోన్ చేయండి.

పొదల్లో కూర్చుంటే చిగ్గర్లు అనే, కంటికి ఆనని చిన్న పురుగులు కుడతాయి. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం అలా వస్తుంది. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్లలో ఉతికి, సబ్బుతో స్నానం చేయండి. మూడు వారాల్లోపు జ్వరం వస్తే, చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర నల్లటి పక్కు కట్టిన మచ్చ ఉందేమో చూసుకుని, అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు మొదటే చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డెంగీ అనుకుని రోజులు గడిచిపోతాయి, ముందే తెలిస్తే డాక్సీసైక్లిన్ అనే మందుతో తగ్గే జబ్బు ఇది.