బూడిద నేలను వర్ణించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఉదయగిరి వైపు మెట్ట బీళ్లలో తెల్లని పిండి వంటి పొర కనిపించగానే దానిని అగ్నిపర్వత బూడిదగా రాసుకోరాదు. అది సుద్ద కూడా కావచ్చు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి పొంగు చూడాలి (పొంగితే సుద్ద ఉన్నట్టే), ఆపైన భూతద్దంతో గాజు పెంకుల వంటి పలుకుల కోసం వెతకాలి. నంద్యాల జిల్లా జ్వాలాపురంలోని టోబా (ఇండోనేషియాలోని సుమత్రా అగ్నిపర్వతం) బూడిద, సుమారు 74,000 ఏళ్ల నాటిది, మనకు దగ్గరి ఉదాహరణ. అయితే పాత బూడిద పొర ఉన్నంత మాత్రాన ఆ నేల ఆండిసోల్ (అగ్నిపర్వత బూడిద నుంచి ఏర్పడే నేలల వర్గం) అయిపోదు.

సోడియం ఫ్లోరైడ్ పరీక్ష దగ్గర మరింత జాగ్రత్త అవసరం. ఈ ద్రావణం కలిపిన మట్టి పీహెచ్ 9.4 దాటడం ఆండిక్ గుణాలకు, అంటే ఆండిసోల్‌ను గుర్తించే లక్షణాలకు, ఒక సంకేతమే గాని, సున్నం ఉన్న నేల కూడా అదే అంకె చూపగలదు కనుక, మన మెట్టల్లో ఈ ఒక్క పరీక్షను నమ్మి వర్గీకరిస్తే పొరపాటు తప్పదు. పైగా సోడియం ఫ్లోరైడ్ విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టరాదు, మిగిలిన ద్రావణాన్ని జీవాలు తాగే కుంట దరిదాపుల్లో పారబోయరాదు.

తుది నిర్ధారణ ప్రయోగశాలదే. ఆండిసోల్ అనాలంటే, గాజు అధికంగా ఉన్న నేలకైనా ఇతర ప్రమాణాలతో పాటు ఫాస్ఫేట్ నిలుపుదల (ఫాస్ఫేట్‌ను మట్టి పట్టి ఉంచే శాతం) కనీసం 25 శాతం ఉండాలి. ఆరిపోతే కొన్ని బూడిద నేలల గుణం మళ్లీ తిరిగి రాదు కాబట్టి, నమూనాలో కొంత భాగాన్ని తడి ఆరకుండా సంచిలో మూసి ఉంచాలి.

రంగును తడిగా, పొడిగా రెండుసార్లు ఎండ వెలుగులో చూడాలి.

గుంట తవ్వే ముందే కాపరులకు చెప్పాలి, రాత్రికి చుట్టూ కంప వేయాలి, పని ముగిసిన రోజే పూడ్చాలి.