వెనక మూల కుంగిందా? మొదట హైట్ సెన్సర్ చూడండి

ఇది ఎయిర్ సస్పెన్షన్ బండ్ల సంగతి, అంటే గాలి సంచుల మీద నిలబడేవి. రాత్రి నిలిపిన బండి పొద్దుటికి కుంగితే గాలి లీకు. ఇంజిన్ నడుస్తుండగానే ఎత్తు తప్పుగా నిలబడితే, ఆ ఎత్తు కొలిచే హైట్ సెన్సర్ మీదే నా అనుమానం. బెలోస్ (ఆ గాలి సంచి) మార్చేయడానికి తొందరపడొద్దు, అది ఖర్చు.

స్టాండ్లు పెట్టాకే కిందికి దూరాలి; జాకీని నమ్మొద్దు. సెన్సర్ ఆర్మ్‌ని సస్పెన్షన్‌కి కలిపే లింకు రాడ్డు బాల్ జాయింటు ఊడినా, తుప్పుకి బిగుసుకున్నా సెన్సర్ బాగున్నా రీడింగు తప్పే. మా శ్రీకాకుళంలో కళింగపట్నం వైపు తిరిగే బండ్లకి ఉప్పుగాలి తోడు: కనెక్టరు పిన్నులు పచ్చబడతాయి. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వండి.

మూడు వైర్ల అనలాగ్ రకమైతే ఇగ్నిషన్ ఆన్‌లో సప్లై 5 వోల్టులు రావాలి. లింకు విప్పి ఆర్మ్ మెల్లగా తిప్పితే సిగ్నల్ దాదాపు 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య నునుపుగా మారాలి. మధ్యలో ఎగిరిందా, లోపల ట్రాక్ అరిగింది, మార్చాల్సిందే. ఈ పరీక్షలో సిస్టమ్ గాలి నింపొచ్చు, వదలొచ్చు, వేళ్లు జాగ్రత్త.

కొత్తది బిగించాక సమతల నేల మీద చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలిచి, స్కానర్‌తో క్యాలిబ్రేట్ చేయాలి, అంటే సరైన ఎత్తు ఏదో సిస్టమ్‌కి చెప్పాలి.