ఉద్యోగం చేస్తూనే ఆస్టియోపతి: బ్రిటన్‌లోని ఫిజియోలు దరఖాస్తు చేసేదెలా?

హెచ్‌సీపీసీ (ఫిజియోల వంటి ఆరోగ్య వృత్తులవారిని నమోదు చేసే నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్‌తో బ్రిటన్‌లో పనిచేస్తున్న మన ఫిజియోథెరపిస్టుల్లో ఆస్టియోపతి (కండరాలు, కీళ్ల సమస్యలకు చేతులతో చేసే చికిత్స) కూడా చదవాలనుకునేవారు ఫీజు కన్నా ముందు చూడాల్సింది ఒకటుంది. ఆ డిగ్రీకి జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? 1993 నాటి ఆస్టియోపాత్స్ చట్టం ప్రకారం, ఈ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేనివాళ్లు ఆస్టియోపాత్‌నని చెప్పుకోవడం నేరం. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులతో చెయ్యి తిరగొచ్చేమో గానీ రిజిస్టర్‌లో చోటు మాత్రం దొరకదు. గుర్తింపున్న కోర్సుల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. (అమెరికాలో డీవో, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్, పూర్తిస్థాయి డాక్టరు డిగ్రీ. దాన్నీ దీన్నీ కలిపేసుకోవద్దు.)

పార్ట్‌టైమ్ పీజీ కోర్సులకు సాధారణంగా నేరుగా కాలేజీకే దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ, మార్కుల జాబితాలు, హెచ్‌సీపీసీ నంబరు, పనిచేసే చోటి నుంచి రిఫరెన్సు సిద్ధం చేసుకోండి. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో ‘ప్రజాసేవ చిన్ననాటి కల’ లాంటివి వద్దు. నడుము నొప్పితో వచ్చిన ఒక పేషెంటును మీరెలా పరీక్షించారో, ఎక్కడ మీ పరిజ్ఞానం చాలలేదనిపించిందో రాస్తే చదివేవాళ్లకు మీ పనితీరు అర్థమవుతుంది.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడగాల్సింది క్లినిక్ టైమింగుల గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 ప్రమాణాల్లో, వైద్యరంగ నేపథ్యం లేనివారికి 4200 గంటల శిక్షణ, అందులో కనీసం 1000 గంటలు పర్యవేక్షణలో పేషెంట్లను చూడటం ఉంది. ముందే వృత్తిలో ఉన్నవారికి వారి చదువును, అనుభవాన్ని బట్టి ఇది తగ్గొచ్చు. అయినా క్లినిక్ తప్పదు. పాఠాలు శని, ఆదివారాల్లో పెట్టినా పేషెంట్లు మామూలు రోజుల్లో వస్తే డ్యూటీ ఎలా సర్దుకుంటారు? మేనేజర్‌తో ముందే మాట్లాడి, ఒప్పుకున్నది ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇంకో సంగతి. ప్రాక్టికల్ క్లాసుల్లో విద్యార్థులే ఒకరికొకరు పేషెంట్లు. షార్ట్స్‌తో, వీపు కనిపించేలా బల్ల మీద పడుకోవాల్సి వస్తుంది. మొహమాటమున్నా, మతపరమైన అభ్యంతరమున్నా చేరకముందే చెప్పండి.

వీసా విషయానికొస్తే, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన ఉద్యోగానికి అడ్డు రానంతవరకు చదువుకోవచ్చు. అదే స్టూడెంట్ వీసా మీద పార్ట్‌టైమ్ కోర్సు చేస్తే పని చేయనివ్వరు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది.

కోర్సు పూర్తయ్యాక రిజిస్ట్రేషన్ దానంతట అదే రాదు, వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆరోగ్యం, నడవడికపై రిఫరెన్సులు, నేర చరిత్ర తనిఖీ, ప్రాక్టీసు మొదలుపెట్టేనాటికి ఇన్సూరెన్సు కావాలి. ఆ తర్వాత మూడేళ్లకోసారి 90 గంటల సీపీడీ (వృత్తిలో ఉంటూ కొనసాగించే నేర్చుకోవడం), అందులో సగం ఇతరులతో కలిసి నేర్చుకున్నదై ఉండాలి. ఫిజియోగా కూడా కొనసాగాలనుకుంటే హెచ్‌సీపీసీ రెన్యువల్ మానకండి, అది రెండేళ్లకోసారి వస్తుంది.