ఫ్యాక్టరీ పని నేర్చుకుందాం – నాలుగో పాఠం: డై చేయించకముందే అందరూ కూర్చోవాలి

పోయిన పాఠంలో ఒక అభ్యాసం ఇచ్చాను. మీ ఫ్యాక్టరీకి తిరిగొచ్చిన సరుకు ఒకటి తీసుకుని, ఆ లోపం ముందే తెలిసిన మనిషి ఎవరో కనుక్కోమన్నాను. చాలామందికి ఆ మనిషి దొరికే ఉంటాడు, స్టోర్స్‌లోనో, సర్వీసులోనో, ప్యాకింగ్ టేబుల్ దగ్గరో. డై, అంటే సరుకును పోత పోసే ఉక్కు అచ్చు, చేయించకముందే అతని మాటను డ్రాయింగ్ దాకా ఎలా తీసుకురావాలో ఇప్పుడు నేర్చుకుందాం.

నాకిది ఎలా తెలిసొచ్చిందో చెబుతాను. రోజూ బల్లార్షా నుంచి చంద్రపూర్ వెళ్లి, పురుగుమందు కొట్టే పంపులు తయారుచేసే చిన్న యూనిట్‌లో క్వాలిటీ చూసేవాణ్ని. వీపుకు తగిలించుకునే 16 లీటర్ల బ్యాటరీ పంపు. రాజురా, వణి వైపు, ఇటు ఆదిలాబాద్ వైపు పత్తి రైతులే మా గిరాకీ. ఒక ఏడాది ప్లాస్టిక్ ఆదా అవుతుందని మూత ఎత్తు తగ్గించాం. వానాకాలం సగం గడిచేసరికి పంపులు తిరిగి రావడం మొదలైంది. రైతు వంగితే మూత దగ్గర కారి మందు వీపు మీదికి దిగుతోంది. 2017లో మా పక్క జిల్లా యవత్మాల్‌లో పత్తి చేలల్లో మందు కొడుతూ విషం ఎక్కి పలువురు చనిపోయారు. అది జరిగిన కొన్నేళ్లకే మా పంపు వల్ల మనుషుల వీపులు తడుస్తున్నాయంటే మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

తప్పు ఎవరిదని వెతికాం. మూతలో వాషర్ కూర్చునే గాడికి డిజైన్ వాళ్లిచ్చిన కొలత సరిగ్గానే ఉంది. పర్చేజ్ వాళ్లకిచ్చిన డ్రాయింగ్‌లో ‘రబ్బరు వాషర్’ అని మాత్రమే రాసుంది, వాళ్లు రెండేళ్ల కిందటే తక్కువ ధరకు దొరికింది పట్టుకొచ్చారు. నేను వెర్నియర్ పెట్టి లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచాను, అన్నీ ఓకే. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశాం. పంపు మాత్రం కారింది.

అప్పుడు సర్వీసు చూసే అన్న తన సంచిలోంచి పాత వాషర్ ఒకటి తీసి కొత్తదాని పక్కన పెట్టాడు. ఉబ్బి, మెత్తబడి ఉంది. గాడిలో పెట్టి ఒక పక్క వేలితో నొక్కితే రెండో పక్క పైకి లేస్తోంది. “వాషర్ ఫుగ్లా అని రెండు సీజన్ల నుంచి చెబుతూనే ఉన్నా సార్” అన్నాడు. మరాఠీలో ఫుగ్లా అంటే ఉబ్బిపోయింది అని. కంప్లయింట్ రిజిస్టర్ తీసి చూస్తే ప్రతి వరసలోనూ ఒకటే మాట: లీక్. ఆయన చెప్పిన కారణం రిజిస్టర్‌లోకి ఎక్కనే లేదు.

పురుగుమందు సీసాలోంచి పోసేటప్పుడు చిక్కటి మందు కొంత మూతి అంచు మీద పడుతుంది. చాలా మందుల్లో నూనెలాంటి సాల్వెంట్, అంటే మందును కరిగించి ఉంచే ద్రవం, ఉంటుంది. మామూలు రబ్బరు దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది, నూనె తగిలే చోట వాడే నైట్రైల్ రబ్బరు దానికన్నా బాగా తట్టుకుంటుంది. పాత మూతకు మర చుట్లు ఎక్కువ కాబట్టి ఉబ్బిన వాషర్‌ను కూడా బిగపట్టి ఉంచేది. మూత పొట్టిదయ్యేసరికి ఆ పట్టు పోయింది. వాషర్ సంగతి సర్వీసుకు తెలుసు, మూత సంగతి డిజైన్‌కు తెలుసు. ఈ రెండూ ఒక్క రోజైనా ఒకే బల్ల మీదికి రాలేదు.

ఇక దిద్దుబాటు. డైలో ఉక్కు తీసేయడం సులువు, కలపడం కష్టం. మూత మళ్లీ పొడవు కావాలంటే డైలో బయటి భాగం, అంటే కేవిటీ, ఇంకాస్త లోతు చేస్తే చాలు. లోపలి భాగాన్ని, అంటే కోర్‌ను, మాత్రం పొడవు చేయాలి, దానికి ఉక్కు కలపాలి కాబట్టి వెల్డింగ్ పెట్టాలి, లేదా కొత్తది చేయించాలి. డైలు చూసే టూల్‌రూమ్ మనిషిని ముందే అడిగి ఉంటే కోర్‌ను కాస్త పొడవుగానే ఉంచి, తర్వాత కావాలంటే తగ్గించుకుందాం అనేవాడు. ఆయన్నీ ఎవరూ పిలవలేదు.

పెద్ద కంపెనీలకూ ఈ అవసరం ఉంది. 1990లలో టయోటాలో ప్రియస్ కారు పని తకేషి ఉచియమదకు అప్పగించారు. అంతకుముందు ఆయన ఒక కారుకు మొదటి నుంచి చివరిదాకా బాధ్యుడిగా పనిచేసినవారు కాదు. అన్నీ తనకు తెలియవు కాబట్టి, వేర్వేరు విభాగాల వాళ్లను ఒక పెద్ద గదిలోకి చేర్చి అక్కడే నిర్ణయాలు జరిగేలా చూశారు. ఆ పద్ధతికి ఒబేయా అని పేరు, జపనీస్‌లో పెద్ద గది అని అర్థం. 1997 డిసెంబరులో ఆ కారు జపాన్ మార్కెట్లోకి వచ్చింది. మనకు పెద్ద గది అక్కర్లేదు, మెషీన్ పక్కన నాలుగు స్టూళ్లు చాలు.

ఇప్పుడు మీరు చేయాల్సింది. డైకి ఆర్డర్ పెట్టకముందు ఒక గంట తీసుకోండి. డిజైన్, పర్చేజ్, టూల్‌రూమ్, ప్రొడక్షన్, క్వాలిటీ, సర్వీస్, ఒక్కొక్క విభాగం నుంచి ఒక్కరు చాలు, కానీ అక్కడికక్కడే సరే అనగల వాళ్లు రావాలి. “మా సార్‌ను అడిగి చెప్తా” అనేవాళ్లే వస్తే ఆ గంట వృథా. మేనేజర్ క్యాబిన్‌లో పెట్టకండి, అక్కడ సర్వీసు అన్న నోరు విప్పడు. పాత భాగం, తిరిగొచ్చిన భాగం, రెండూ చేతికి ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మాట్లాడే వరస. మొదట సర్వీసు, చివర డిజైన్. ముందు డిజైనర్ మాట్లాడితే మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు. మా వైపు మరాఠీ, తెలుగు, హిందీ కలిసిపోతాయి కదా, ఎవరికి వచ్చిన భాషలో వాళ్లను చెప్పనివ్వండి. రాసేటప్పుడు వాళ్ల మాటనే రాయండి. ‘ఫుగ్లా’ అంటే ‘ఫుగ్లా’ అనే రాయాలి, ‘లీక్’ అని మార్చకూడదు. పక్కనే ఎవరు చూస్తారు, ఏ తేదీకి అని రాసి, అందరూ డ్రాయింగ్ మీద సంతకం పెట్టండి.

ప్రతి చిన్న పనికీ ఇలా కూర్చోమని నేను అనను. పాత డైతో పాత సరుకే తీస్తుంటే అవసరం లేదు. కొత్త డై, కొత్త మెటీరియల్, కొత్త సప్లయర్, ఈ మూడింట్లో ఏదొచ్చినా మాత్రం వదలొద్దు.

ఈ వారం అభ్యాసం: మీ సరుకులో రబ్బరు భాగం ఒకటి ఎంచుకోండి. అది వాడకంలో దేనికి తగులుతుందో సర్వీసు మనిషినే అడగండి. కొలిచి, ఆ ద్రవంలో ఒక రాత్రి నానబెట్టి, పొద్దున మళ్లీ కొలవండి. పురుగుమందు అయితే గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడే చోట చేయండి. రెండు కొలతలూ, సర్వీసు మనిషి చెప్పిన మాటా ఒకే కాగితం మీద రాసి ఉంచండి. అయిదో పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడతాం.