టెక్సాస్ కౌంటీలో అరెస్టు వారంటు వెతికితే ఏమీ దొరకనప్పుడు: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

టెక్సాస్‌లో 254 కౌంటీలు ఉన్నాయి గానీ, వాటన్నిటిలోని వారంట్లను సామాన్యులు ఒక్కచోట చూసుకోగల జాబితా ఏదీ లేదు. కారు ఆపినప్పుడు పోలీసులు చూసే టీసీఐసీ, ఎన్‌సీఐసీ అనే రాష్ట్ర, జాతీయ డేటాబేసులు ప్రజలకు అందుబాటులో ఉండవు. రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ, అంటే డీపీఎస్, రుసుము తీసుకుని చూపే నేర చరిత్ర వారంట్ల జాబితా కాదు. కాబట్టి ఏ కోర్టుకు ఆ కోర్టులో విడిగా వెతకవలసిందే. ఈ సంగతి పట్టించుకోకుండా షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) పేజీలో ఒకసారి పేరు కొట్టి, ఫలితం ఖాళీగా రాగానే తమ మీద ఏమీ లేదని నిశ్చింతగా ఉండిపోయేవారిని తరచుగా చూస్తుంటాను. వారంటుకు దారితీసిన ట్రాఫిక్ టికెట్ కాగితాన్ని చివరిదాకా చదివి ఉంటే వారిలో చాలామందికి ఆ తర్వాతి ఇబ్బంది తప్పేది.

సమస్య: టికెట్ కట్టలేదన్నది నిజమే, అయినా కౌంటీ సైటులో ఏమీ రావడం లేదు

కారణం చాలాసార్లు తప్పు కోర్టులో వెతకడమే. నగర పోలీసులు రాసిన టికెట్ ఆ నగరపు మున్సిపల్ కోర్టుకు వెళుతుంది. షెరీఫ్ డిప్యూటీ, కౌంటీ కానిస్టేబుల్, రాష్ట్ర ట్రూపర్ (హైవే పోలీసు) రాసినవి సాధారణంగా కౌంటీలో చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు, అంటే జస్టిస్ కోర్టుకు, వెళతాయి. మద్యం తాగి కారు నడిపారన్న కేసు మొదటిసారి అయితే అది క్లాస్ బీ నేరం (జైలు శిక్ష కూడా పడగల చిన్న నేరం) కాబట్టి కౌంటీ కోర్టులోనూ, ఫెలనీ (తీవ్రమైన నేరం) అయితే జిల్లా కోర్టులోనూ ఉంటుంది. మున్సిపల్ కోర్టు ఇచ్చిన వారంటు కౌంటీ షెరీఫ్ జాబితాలో కనబడుతుందన్న భరోసా లేదు.

దీనికి తోడు నగరాల సరిహద్దులు, కౌంటీల సరిహద్దులు ఒకటి కావు. తెలుగువారు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో నగరం కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది. డాలస్ నగరం డాలస్, కాలిన్, డెంటన్, కాఫ్‌మన్, రాక్‌వాల్ కౌంటీల్లోకి విస్తరించింది. హ్యారిస్ కౌంటీలో అయితే ఎనిమిది ప్రెసింక్టులకు (కౌంటీలోని విభాగాలకు) రెండేసి చొప్పున పదహారు జస్టిస్ కోర్టులు ఉన్నాయి.

పరిష్కారం: టికెట్ మీద కోర్టు పేరు, చిరునామా, హాజరు కావలసిన తేదీ ముద్రించి ఉంటాయి. ఆ కోర్టు సైటులోనే వెతకండి. కాగితం పోయినట్లయితే మిమ్మల్ని ఆపిన అధికారి ఏ శాఖ వారో గుర్తు చేసుకుని, ఆపిన చోటును మ్యాపులో చూసి, అక్కడి నుంచి కోర్టును తేల్చుకోండి. ఆమ్నిబేస్ సంస్థ నడిపే టెక్సాస్ ఫెయిల్యూర్ టు అపియర్ సైటులో లైసెన్స్ నంబరు, పుట్టిన తేదీ ఇస్తే, హాజరు కాలేదని ఫిర్యాదు పంపిన కోర్టు ఏదో తెలుస్తుంది. అయితే అన్ని కోర్టులూ ఆ కార్యక్రమంలో లేవు కనుక అక్కడ ఏమీ రాకపోవడాన్ని రుజువుగా తీసుకోవద్దు. గూగుల్‌లో ముందుగా వచ్చే, మీ పేరు మీద రికార్డు దొరికిందని చెప్పి డబ్బు అడిగే ప్రైవేటు సైట్లను వదిలేయండి. అధికారిక సైటు చిరునామా సాధారణంగా డాట్ గవ్‌తో గానీ, టీఎక్స్ డాట్ యూఎస్‌తో గానీ ముగుస్తుంది.

సమస్య: కోర్టు సరైనదే, టికెట్ నిజమే, అయినా పేరు రావడం లేదు

ఎంతో జాగ్రత్తగా వెతికేవారిని సైతం మోసగించే కారణం ఇది. మీ పేరును మీరు రాసే తీరు వేరు, కోర్టు కంప్యూటరులోకి ఎక్కిన తీరు వేరు. మన పేర్ల విషయంలో ఈ తేడా ఎన్ని రకాలుగా వస్తుందో తెలిస్తే తప్ప వెతుకులాట ఫలించదు.

పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో పేరు మొత్తం ఇంటిపేరు గడిలోకి వెళ్లి, సొంత పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే సొంత పేరు తెలియదు) అనే మూడు అక్షరాలు వచ్చి చేరతాయి. టెక్సాస్ లైసెన్స్ వలస పత్రాలను చూసి ఇచ్చేది కాబట్టి అదే రూపం లైసెన్సులోకి, అక్కడి నుంచి టికెట్‌లోకి, టికెట్ నుంచి కోర్టు కేసులోకి నడుస్తుంది. అటువంటి వ్యక్తి కోర్టు సైటులో తన ఇంటిపేరు కొట్టి వెతికితే చాలాసార్లు ఏమీ రాదు.

రెండవ రకం భారతీయ లైసెన్సు చూపినప్పుడు పుడుతుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు, పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు ఇది ఎక్కువగా ఎదురవుతుంది. మన లైసెన్సు మీద పేరంతా ఒకే వరుసలో ఉంటుంది, అందులో ఇంటిపేరు ముందు ఉండటం మనకు సహజం. అధికారి మాత్రం చివరి మాటనే ఇంటిపేరుగా రాసుకుంటాడు. కొత్తపల్లి వెంకట సాయి కిరణ్ అనే పేరు ఆ విధంగా కిరణ్ అనే ఇంటిపేరు కింద చేరుతుంది. కొత్తపల్లి సొంత పేరవుతుంది, మధ్యలోని రెండు మాటలు కలిసిపోవచ్చు, పొడి అక్షరాలు కావచ్చు, మొత్తానికే పోవచ్చు.

అదే లైసెన్సు మీద పుట్టిన తేదీ రోజు, నెల, సంవత్సరం క్రమంలో ఉంటుంది. అమెరికాలో నెల ముందు వస్తుంది. జూలై 5న పుట్టినవారు మే 7న పుట్టినవారిగా నమోదవుతారు. పేరు సరిగ్గా కొట్టినా తేదీ సరిపోలక సైటు ఖాళీ ఫలితమే చూపుతుంది. తేదీ పన్నెండు దాటినవారికి ఈ చిక్కు లేదు, ఎందుకంటే పదమూడవ నెల లేదు.

ఇంకా ఇంగ్లీషు అక్షరాల తేడాలు ఉన్నాయి. కార్తీక్‌లో టీ తర్వాత హెచ్ ఉందా లేదా, లక్ష్మిని ఎక్స్‌తో రాశారా కేఎస్‌హెచ్‌తో రాశారా అన్నవి సామాన్యమైన సంగతులుగా తోచినా, అక్షరం తప్పితే చూపని సైట్లు చాలా ఉన్నాయి.

పరిష్కారం: సైటులో టికెట్ నంబరుతో గానీ లైసెన్స్ నంబరుతో గానీ వెతికే సదుపాయం ఉంటే పేరు జోలికే వెళ్లకండి. ఆ సదుపాయం లేకపోతే టికెట్ సమయంలో ఏ గుర్తింపు కార్డు చూపారో దాన్ని ముందు పెట్టుకుని, అందులోని చివరి మాటను ఇంటిపేరుగా వేసి, సొంత పేరు గడిని ఖాళీగా ఉంచి గానీ, మొదటి రెండు మూడు అక్షరాలు మాత్రమే వేసి గానీ చూడండి. ఆ తర్వాత మొదటి మాటను ఇంటిపేరుగా వేయండి. ఎఫ్‌ఎన్‌యూ ఉన్నవారు దాన్ని సొంత పేరుగా వేసి కూడా చూడాలి. పుట్టిన తేదీ తప్పనిసరి అయిన చోట రోజును, నెలను తారుమారు చేసి మరొకసారి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే కోర్టు క్లర్కుకు ఫోను చేసి, పేరు ఏయే రూపాల్లో ఉండవచ్చో అక్షరం అక్షరం చెప్పి, లైసెన్స్ నంబరుతో వెతకమని అడగండి. టికెట్ రాసి కొద్ది రోజులే అయితే అది ఇంకా కోర్టుకు చేరకపోవచ్చు, వారం ఆగి మళ్లీ అడగండి.

నోటీసు రాలేదు కాబట్టి వారంటు ఉండదన్న వాదన నిలవదు. కోర్టు నోటీసు రికార్డులో ఉన్న చిరునామాకే పోతుంది. ఇల్లు మారిన 30 రోజుల్లో డీపీఎస్‌కు తెలపాలి, విదేశీయులు 10 రోజుల్లో వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్‌కు తెలపాలి. రెండవది చేసినంత మాత్రాన మొదటిది మారదు.

సమస్య: నా పేరుతో వారంటు కనబడుతోంది, కానీ నేను కాదు

రెడ్డి, రావు, కుమార్ వంటి పేర్లతో ఇది మామూలే. పుట్టిన తేదీ, చిరునామా, కేసు తేదీ పోల్చి, తేలకపోతే క్లర్కును అడగండి. భయపడి ఆన్‌లైన్‌లో చెల్లించవద్దు, చెల్లిస్తే ఆ నేరాన్ని మీ మీద వేసుకున్నట్లవుతుంది.

సమస్య: జరిమానా కట్టాను, అయినా వారంటు కనబడుతోంది లేదా లైసెన్స్ రెన్యువల్ కావడం లేదు

కోర్టు వారంటును వెనక్కు తీసుకున్న తర్వాత ఆ సమాచారం పోలీసు రికార్డుల్లోకి వెళ్లడానికి కొంత వ్యవధి పడుతుంది. హాజరు కాలేదని కోర్టు ఫిర్యాదు పంపినందుకు లైసెన్స్ రెన్యువల్ మీద పెట్టిన అడ్డంకి వేరే వ్యవహారం. దానికి ఒక్కొక్క ఉల్లంఘనకు 10 డాలర్ల రుసుము విడిగా ఉంటుంది. రెండూ తొలగాయా అని క్లర్కును విడివిడిగా అడగాలి.

సమస్య: వారంటు ఉందని ఫోను వచ్చింది, ఎక్కడ వెతికినా లేదు

వారంటు పేరు చెప్పి గిఫ్ట్ కార్డులతోనో, క్రిప్టో రూపంలోనో డబ్బు అడిగితే అది మోసమే. ఫోను పెట్టేసి, అధికారిక సైటులో ఉన్న నంబరుకు మీరే ఫోను చేయండి.

అరుదైన కారణాలు

టెక్సాస్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 15.26 అధికరణం ప్రకారం వారంటు పత్రాలను ప్రజలకు చూపవలసిన బాధ్యత అది అమలైన క్షణం నుంచి మొదలవుతుంది కాబట్టి, అమలుకాని తీవ్రమైన కేసుల వారంటు బయటికి కనబడకపోవచ్చు. ఫెడరల్ కోర్టుల వారంట్లు, వేరే రాష్ట్రాలవి, మైనర్లవి కౌంటీ సైట్లలో దొరకవు. అటువంటి అనుమానం ఉంటే న్యాయవాది చేత విచారింపజేయడమే దారి.

వారంటు దొరికిన తర్వాత

500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే ఉండే క్లాస్ సీ కేసుల్లో, హాజరు కాలేదని ఇచ్చిన వారంటు అమలు కాకముందే మీరు స్వచ్ఛందంగా కోర్టుకు వెళ్లి, పరిష్కరించుకోవడానికి నిజాయతీగా ప్రయత్నిస్తే, న్యాయమూర్తి దాన్ని వెనక్కు తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఒకేసారి కట్టలేనివారు వాయిదాలు గానీ, సామాజిక సేవ గానీ అడగవచ్చు. కేసు క్లాస్ బీ గానీ, అంతకన్నా పెద్దది గానీ అయితే మాత్రం న్యాయవాది లేకుండా షెరీఫ్ కార్యాలయానికి వెళ్లకండి, అక్కడే అరెస్టు కావచ్చు.

వీసా మీద ఉన్నవారు మరొక సంగతి తప్పక గమనించాలి. 100 డాలర్ల లోపు వస్తువు దుకాణంలో దొంగిలించారన్న కేసు కూడా టెక్సాస్‌లో క్లాస్ సీ కిందికే వస్తుంది, స్పీడు టికెట్ మాదిరిగానే దానికీ జరిమానా కట్టేయవచ్చునని అనిపిస్తుంది. జరిమానా కట్టడమంటే నోలో కంటెండరీ (ఆరోపణను ఎదిరించను అనే) ఒప్పుకోలుతో సమానం. వలస చట్టం దాన్ని నేర నిర్ధారణగానే లెక్కిస్తుంది, టెక్సాస్ డెఫర్డ్ అడ్జుడికేషన్‌ను (తీర్పును వాయిదా వేసి, షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతిని) సైతం అలాగే చూస్తుంది. కాబట్టి అది ట్రాఫిక్ టికెట్ కాకపోతే, ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడిగే వరకు ఒక్క డాలరు కూడా కట్టకండి. వారంటు రద్దయ్యాక తేదీ, కేసు నంబరు ఉన్న కోర్టు కాగితాన్ని అడిగి తీసుకుని, రికార్డులన్నీ సరిపడే వరకు దాని ప్రతిని కారులోనే ఉంచుకోండి.